చెరువులో పచ్చరంగు

“రంగు డబ్బాలు నా సెరువులోనే కడగాలేట్రా?” చినబాబు సునీల్ కాలర్ పట్టుకుని గట్టు మీదకి ఈడ్చాడు.

“కసమ్ సే కాకా, నేను కాదు!”

సునీల్ ఇళ్ళకి రంగులేసే హిందీ కుర్రాడు. వాడి గోళ్ళ నిండా పచ్చ పెయింటే.

స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక, క్యాంప్ 1 బస్తీ వెనక ఉన్న ఆ చెరువుని చినబాబు చేపల కోసం లీజుకి తీసుకున్నాడు. ఇవాళ తెల్లారేసరికి నీళ్ళ మీద పెయింటు పారబోసినట్టు పచ్చటి తెట్టు. వచ్చే నెల వల వేద్దామనుకున్న బొచ్చె చేపలన్నీ గట్టు పొడుగునా పొట్టలు తేలేసి ఉన్నాయి.

“ఓలే, నిలబడి సూస్తావేటి? ఆ సచ్చినవి ఎత్తు!” అని పెళ్ళాం మీద అరిచాడు.

“తోరానికి నీసు నీళ్ళు తగలకూడదు కదేటి,” అంది గున్నమ్మ, కుడిచెయ్యి కొంగులో దాచుకుని. ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయిన రోజు మొక్కుకుని మణికట్టుకి కట్టుకున్న తోరం అది. వంగొద్దని డాక్టరు చెప్పిన ఈ రెండు నెలలూ చెరువు పనంతా ఆమెదే.

“నీ మొక్కు తగలెయ్య!”

సునీల్‌ని ఠాణాకి లాక్కుపోబోతుంటే, కబురందుకున్న చేపల ఆఫీసరు ఇందుమతి స్కూటీ దిగింది. సీసాలో నీళ్ళు పట్టి ఎండకెత్తి చూపించింది.

“ఇది రంగు కాదు బాబాయ్ గారూ, ప్రాణమున్నదే. కంటికి ఆననంత చిన్నవి, జిగురుతో గుంపులుగా అతుక్కుని ఇలా రవ్వలా తేలతాయి. రాత్రిపూట నీళ్ళలో గాలంతా లాగేస్తాయి, చేపలకి ఊపిరాడదు. చేపల మేతకని వేసే ఎరువు ఎక్కువైతే ఇలా విరగబడి పెరుగుతాయి.”

సునీల్ కాలర్ విడిపించుకున్నాడు. “సునా కాకా? రంగు కాదంట!”

“ఎరువెందుకు ఎక్కువవుద్దమ్మా?” చినబాబు ఆఫీసరు వైపు తిరిగాడు. “అడ్డూ అదుపూ లేకుండా ఏసేటోళ్ళమా? ఆదివారం ఆదివారం మోచెయ్యి దాకా నీళ్ళలో పెట్టి సూడాలి. అంత లోతులో సేతి ఏళ్ళు కనిపిస్తేనే ఎరువు, లేకపోతే లేదు. గంగమ్మని ఎడం చేత్తో ముట్టొద్దని కూడా సెప్పినాను. ఓలే, సూసినావా లేదా?”

“ఒట్టు! ఒక్క వారమూ తప్పలేదు. ఏళ్ళు కనిపించినాయి, బస్తా ఏసినాను.”

“ఇన్నారా? మా ఆడది అబద్ధమాడదు. ఈడే ఏదో కలిపినాడు!” అంటూ చినబాబు మళ్ళీ సునీల్ మీదకి లేచాడు. “ఎలా సూసినావో మేడమ్‌కి సూపించవే!”

గున్నమ్మ చీర పైకి దోపుకుని మెట్టు దిగింది. కర్రతో తెట్టుని పక్కకి తోసి, కళ్ళు మూసుకుని గంగమ్మకి దండం పెట్టి, కుడిచెయ్యి నీళ్ళలో ముంచింది.

చెయ్యి తోరం దగ్గరే ఆగిపోయింది.