విగ్రహం లేని పందిరి

"కారు ఇక్కడే ఆపెయ్. నడిచి వెళ్తాం," అన్నాడు అనిమేష్ లాహిరి.

దుర్గపూజల్లో పంచమి సాయంత్రం. పెద్ద రోడ్డుకి అడ్డంగా అప్పుడే వెదుళ్ళు కట్టేశారు. "పందిరి కట్టిన క్లబ్బువాళ్ళకి ఫోన్ చేద్దామా సార్? ఎదురొచ్చి తీసుకెళ్తారు," అన్నాడు డ్రైవరు.

"వద్దు. చెప్పి వెళ్తే ముస్తాబు చూపిస్తారు. చెప్పకుండా వెళ్తేనే అసలు సరుకు కనిపిస్తుంది."

లాహిరి పత్రికలో ఆదివారం ఆదివారం తన అభిప్రాయాలు రాస్తాడు. ఉల్లిపాయల ధర, ఎన్నికలు, హీరోయిన్ విడాకులు, అన్నిటికీ ఒకటే కలం. కలకత్తాలో అభిప్రాయం లేని మనిషి లేడు. ఊళ్ళో అందరి దగ్గరా ఊరికే దొరికేదాన్ని పొట్లం కట్టి అమ్ముకోవడం మామూలు తెలివి కాదు.

పూజలకి ఒక్కో పేట క్లబ్బూ ఒక్కో విషయం మీద పందిరి కడుతుంది. ఉత్తమ పందిరికి ఒక టీవీ ఛానెల్ బహుమతి పెట్టింది. న్యాయనిర్ణేతలుగా లాహిరినీ, సీరియల్ నటి మధుజనీ పంపింది. బహుమతి వచ్చిన పందిరికి జనం విరగబడతారు. రాని పందిరిని కట్టినవాళ్ళే చూసుకోవాలి.

పొద్దుటి నుంచి చూసిన పందిళ్ళలో ఒక్కటీ అతని కంటికి ఆనలేదు. రైతు చావు మీద ఒకటి, చచ్చిపోతున్న నది మీద ఒకటి. "ఏడుపుకి రంగు బల్బులు తగిలించారు, అంతే," అని తేల్చేశాడు. ఇక మిగిలింది ఒక్కటే. కూల్చబోతున్న గుడిసెల బస్తీకి నకలుగా ఈ ఏడు తమ పందిరి కడుతున్నామని ఆ క్లబ్బువాళ్ళు ముందే చెప్పారు.

మిఠాయి కొట్టు దాటి సందులోకి తిరిగారు. తుప్పు రేకులు, నీలం ప్లాస్టిక్ పట్టాలు, తడి గోనెలు. మురిక్కాలవ గుప్పుమంది. మధుజ ముక్కు మూసుకుంది.

"వాసన కూడా వదల్లేదు చూడు," అన్నాడు లాహిరి, ఆ రోజుకి మొదటిసారి మెచ్చుకోలుగా. "పూజ డోలు, ఆ ఢాకు మోత విన్నావా? ఎక్కడో దూరంగా పెట్టారు. అదీ అభిరుచంటే."

ఒక గుమ్మంలో అరవై ఏళ్ళావిడ చేటలో మరమరాలు చెరుగుతోంది. వీళ్ళని చూసి గబుక్కున లేచి కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"మీరే కదా బాబూ, చూసి రాసుకుపోయేది?"

"మేమే."

"నా పేరు పారుల్. ఏం రాస్తారు బాబూ?"

"అది ముందే చెప్పకూడదు పిన్నీ," అని నవ్వింది మధుజ.

"మా గోడ తియ్యొద్దని రాయండమ్మా. మా ఆయన కట్టిన గోడ. ఆయన పోయినా అది నిలబడింది. అదీ పోతే ఆనుకోడానికి నాకింకేం లేదు."

లాహిరి మధుజ వైపు తిరిగాడు. "మీ సీరియళ్ళలో ఇలాంటి మాట ఒక్కటుందా? అత్తలూ పాములూ తప్ప."

"మీ వ్యాసాల్లో మాత్రం ఉందేంటి," అని మధుజ పారుల్‌ని అడిగింది. "ఎవరు నేర్పారు పిన్నీ ఈ మాటలు?"

"నేర్పేదేముందమ్మా. వచ్చినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ నోటికొచ్చేశాయి."

"కన్నీళ్ళు మాత్రం జారనివ్వకు. కంట్లో ఉన్నంతసేపే వాటికి విలువ," అని సలహా ఇచ్చాడు లాహిరి.

పారుల్ సరేనని తలూపి కళ్ళు తుడుచుకుంది.

మధుజ చుట్టూ చూసింది. "అవునూ, దేవి ఏది? విగ్రహమే లేదు."

నాకు తెలీదు అనే మాట లాహిరి నోటికి అలవాటు లేదు. "ఈవిడే దేవి," అన్నాడు. "తట్టలేదా? మట్టిబొమ్మ బదులు మనిషిని కూర్చోబెట్టారు. ఈ దేశంలో బొమ్మకి పట్టుచీర, మనిషికి గోనెపట్టా." చెప్పాక ఆ ముక్క తనకే నచ్చింది. ఆదివారానికి పనికొస్తుందని ఫోన్‌లో రాసుకున్నాడు.

ఆ ఊపులో ఇంకా మాట్లాడాడు. ఓట్లప్పుడు కాళ్ళు పట్టుకుని తర్వాత గుడిసెలు పీకే నాయకుల గురించి, పేదవాడి మొహం మర్చిపోయిన సినిమాల గురించి, ఫోన్‌లోంచి తలెత్తని కుర్రకారు గురించి. పారుల్ చేతులు కట్టుకుని అంతా విన్నది.

"బాగా చెప్పారు బాబూ. మరి గోడ?"

"పాత్రలోంచి బయటికే రాదు," అని మధుజ ఆవిడ అరచెయ్యి తిప్పి చూసింది. "ఈ పగుళ్ళు చూడండి. మేకప్ చేసిందెవరోగాని మా షూటింగుకి పిలిపించాలి."

పారుల్ లోపలికెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. లాహిరి పుచ్చుకోలేదు. తీర్పు చెప్పేవాడు ఎవరి దగ్గరా ఏమీ తాగకూడదు. అలాంటి విషయాల్లో అతను నిప్పు.

"పండగ కాగానే ఎలాగూ విప్పేస్తారుగా. ఎందుకంత దిగులు?" అన్నాడు కదలబోతూ.

"అదే బాబూ. దశమి వెళ్ళగానే వస్తామన్నారు."

"మరి నువ్వెక్కడికి పోతావు?"

"అది మీరు రాస్తారేమో అనుకున్నా."

లాహిరి మార్కుల కాగితం తీశాడు. అక్కడే నిలబడి పదికి పది వేశాడు. కింద ఒక సలహా కూడా చేర్చాడు: కూల్చడమేదో జనం కళ్ళెదుటే జరిగితే ఇంకా రక్తి కడుతుంది.

పారుల్ సందు మొదటిదాకా వెంట వచ్చింది. "రాశారా బాబూ?"

"రాశాను. ఇంతకన్నా బాగా ఇంకెవరికీ రాయలేదు."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

లాహిరి కారెక్కి తలుపు వేసుకుంటుంటే క్లబ్బు కార్యదర్శి నుంచి ఫోన్ వచ్చింది: "సార్, పక్క సందులో మా పందిరి గుమ్మం ముందు దండలు పట్టుకుని మీకోసమే నిలబడ్డాం, ఇంకా రాలేదేంటి?"