పిన్నీసు చిల్లులు

"ఇది నకిలీదమ్మా," అన్నాడు పతకాల వ్యాపారి, భూతద్దం దించుతూ.

అమ్మమ్మని వెంటబెట్టుకొచ్చిన మనవరాలి మొహం వాడిపోయింది. "అదేంటండీ! యుద్ధం అయ్యాక తాతయ్యకిచ్చారు. తోటివాళ్ళు పోయాక నాకెందుకిదని, అంటించి వచ్చిన పెట్టెని ఆయన తెరవనే లేదు."

"అక్కడే దొరికిపోయారు. పెట్టె అంచున జిగురు మీద జిగురు. రిబ్బను నిండా పిన్నీసు చిల్లులు. సైనికులు పిన్నీసు వాడరమ్మా, వాళ్ళకి పతకాలు తగిలించుకునే కడ్డీ ఉంటుంది. ఇదేదో నాటకాల వాళ్ళ సరుకు."

"నాటకమా?" అమ్మమ్మ లేచి నిలబడింది. "ఆయన పనికెళ్ళగానే తెరిచి నేనే పెట్టుకునేదాన్ని. ఆయనొచ్చేలోగా మళ్ళీ అంటించేదాన్ని."

మనవరాలు నోరెళ్ళబెట్టింది. "నువ్వా! ఎందుకు అమ్మమ్మా?"

"యుద్ధంలో ఆయన ఉన్నాడో పోయాడో తెలియకుండా పిల్లల్ని సాకింది ఎవరే? ఆయన వద్దనుకుంటే సరా? నాకు కావాలి."

వ్యాపారి గొంతు తగ్గించాడు. "అయితే పతకం అసలుదే కావచ్చు. ఆ రిబ్బను పీకేసి, చిల్లుల్లేని పాతది ఇంకోటి వేస్తే మంచి ధర పలుకుతుంది."

"ఎవడిదో రిబ్బను తగిలిస్తే అసలుదవుతుందా?"

అమ్మమ్మ గాజుకున్న పిన్నీసు తీసింది. ఆ పాత చిల్లుల్లోంచే గుచ్చి పతకాన్ని భుజానికి పెట్టుకుంది.

"పదవే. ఇన్నాళ్ళూ తలుపులేసుకుని పెట్టుకున్నా. ఇవాళ బజారు మీదుగా నడిచి వెళ్దాం."