గుచ్చని సూది

“ఇయ్యాల సూది గుచ్చించుకోకుంట ఇంటికి పోయేది లేదు డాడీ,” అంది జాస్మిన్, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కుతూనే.

సూదిని తలుచుకుంటేనే చెమటలు పట్టే పిల్ల. టీకాలేసే నర్సమ్మను చూసి స్కూలు గోడ దూకిన ఘనత ఆమెది. అలాంటిది మూడు నెలలుగా రక్తపరీక్ష, రక్తపరీక్ష అని తండ్రి యెహెజ్కేలు ప్రాణం తోడేస్తోంది.

ఆయనకు మెడలో థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్ చేసి తీసేశారు. అది తండ్రి నుంచి పిల్లలకు దిగే రకమట. పరీక్షలో ముందే తేలితే, క్యాన్సర్ రాకముందే గ్రంథి తీసేయొచ్చు, గండం తప్పుతుంది అన్నాడు డాక్టరు. మంచి మాటే. కానీ చెవిలో చెప్పకుండా పిల్ల ఎదురుగానే అనేశాడు. చదువుకున్నవాళ్ళతో వచ్చే తంటా అదే.

ఎందుకంటే జాస్మిన్ ఆయన రక్తం కాదు. ఎనిమిది రోజుల పసిగుడ్డుగా తెచ్చుకున్న పిల్ల. ఆ సంగతి ఆయనకూ భార్య మల్లమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన ధీమా. పరీక్ష వద్దంటే ఎందుకని అడుగుతుంది. సరేనంటే పిల్లకు ఉత్తపుణ్యానికి సూదిపోటు. అందుకే ఒకసారి అబ్దుల్లాపూర్‌మెట్‌లో ప్రార్థన కూటం అన్నాడు, ఇంకోసారి నడుం పట్టేసిందన్నాడు. చివరికి టైం రాయించుకోనిదే ల్యాబ్‌లోకి రానివ్వరన్నాడు. నిన్న జాస్మినే వెళ్ళి రాయించుకొచ్చింది.

“మూడు నెలల సంది నిద్రపోతలేవు. ఇది అయిపోతే నువ్వూ జర పండుకుంటవు,” అంది జాస్మిన్. ఆపైన నవ్వింది. “నీ ముక్కొచ్చింది, నీ కోపమొచ్చింది. గిది గూడ ఒస్తే పూరా నీ బిడ్డనే.”

యెహెజ్కేలు కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ల్యాబ్‌కు చేరారు. జాస్మిన్ నీళ్ళు తాగొస్తానని వెళ్ళిందో లేదో, ఆయన రక్తం తీసే సాయినాథ్ చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పేశాడు.

“దూది పెట్టి పట్టీ అతికియ్యి బాబూ, చాలు. రోగం లేదని చెప్పు. పిల్లకు మాత్రం తెల్వనియ్యకు.”

సాయినాథ్ ముందున్న ట్రేలో అప్పటికే దూది ఉంది, పట్టీ ఉంది. సూది మాత్రం లేదు.

“నిన్న మీ బిడ్డ గూడ గిదంత చెప్పింది అంకుల్. డాడీకి మాత్రం తెల్వనియ్యకన్నది.”