నాలుగో మనిషి

హైదరాబాదుకు గాల్లో గంటే ప్రయాణం. ఆ విమానాన్ని అందుకోవాలంటే మాత్రం ఆత్మకూరు నుంచి రేణిగుంట దాకా నేల మీద మూడు నాలుగు గంటలు కుదుపులు తినాలి.

అంత తొందరలోనూ బియ్యం వ్యాపారి వెంకటరమణయ్యకు శకునం ముఖ్యం. బస్టాండు దగ్గర కారాపించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు.

అల్లుడు హరిప్రసాద్ ఫోన్ చేశాడు.

"మామా, బయల్దేరినారా?"

"ఆత్మకూరులో ఉండాను. అమ్మాయికి ఎట్టుండాది?"

"స్కూటీ మీద నుంచి పడిన దెబ్బ కదా, లోపల రక్తం పోతానే ఉండాది. ఈ రాత్రికే ఆపరేషన్ చెయ్యాలంట. శ్రీదివ్యది లక్షల్లో ఒకరికుండే రక్తం. ఇచ్చే మనిషి దొరికినాడు, సాయంత్రానికి వస్తాడంట. పేరూ ఊరూ మాత్రం చెప్పరంట."

"ఎవరైతే ఏంది నాయనా! కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా."

ఫోన్ జేబులో పెట్టేలోపే కిటికీ దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. మాసిన చొక్కా, రబ్బరు చెప్పులు, చేతిలో గుడ్డసంచి.

"అయ్యా, రేణిగుంట విమానానికి పోతా ఉండారని డ్రైవరన్న చెప్పినాడు. నన్నూ ఎక్కించుకోండి. ఉదయగిరి నుంచి వస్తా ఉండా. మా బస్సు దోవలో చెడిపొయ్యింది. తిరుపతి బస్సు తప్పిపొయ్యింది."

వెంకటరమణయ్య ఎగాదిగా చూశాడు.

"ఎర్రబస్సు దిగి విమానమెక్కతావా?"

"టికెట్టు ఫోన్లో ఉండాదయ్యా. అక్కడ ఆస్పత్రిలో..."

"అదంతా నాకెందుకయ్యా!"

డ్రైవర్ మస్తానయ్య మెల్లగా అన్నాడు.

"వెనక సీటు ఖాళీగానే ఉండాది శెట్టిగారూ. పాపం, ఎక్కించుకుందాం."

"మతి పొయ్యిందా నీకు? మనమిద్దరం. ఈయనెక్కితే ముగ్గురు. మంచి పనికి ముగ్గురు పోకూడదని తెలీదా? అవతల నా బిడ్డ చావుబతుకుల్లో ఉండాది!"

ఉదయగిరి మనిషి సంచిలోంచి చెక్క గరిటె తీశాడు. కొత్తగా చెక్కింది, నున్నగా ఉంది.

"దీన్ని నాలుగో మనిషనుకోండయ్యా."

మస్తానయ్య నవ్వాడు. వెంకటరమణయ్య నవ్వలేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేదో!

"పోనియ్యి" అన్నాడు అద్దం ఎక్కించుకుంటూ.

నిమ్మకాయలు చితికాయి. ఆ మనిషి కారు వెంట కొంతదూరం పరిగెత్తి ఆగిపోయాడు.

విమానంలో వెంకటరమణయ్య పక్క సీటు ఖాళీ. అన్నీ కలిసొస్తున్నాయనుకుని చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రిలో హరిప్రసాద్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ మనిషికి ఫ్లైటు తప్పిపొయ్యిందంట మామా. దొరికిన బస్సెక్కి వస్తా ఉండాడంట."

గాల్లో గంట దూరం నేల మీద ఒక రాత్రి. శ్రీదివ్యకు అంత వ్యవధి లేదు.

తెల్లవారేసరికి డాక్టరు తల వంచుకుని బయటికొచ్చాడు.

వెంకటరమణయ్య ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. ఎండెక్కాక ఎదురుగా రెండు కాళ్ళు ఆగాయి. దుమ్ము కొట్టుకుపోయిన రబ్బరు చెప్పులు.

"మీరా అయ్యా! రక్తమియ్యడానికి వచ్చినాను, యాడికి పోవాల?" అన్నాడు ఉదయగిరి మనిషి, తన రక్తం ఎక్కే మనిషికిద్దామని తెచ్చిన గరిటెను సంచిలోంచి తీస్తూ.