కదలమన్న టైర్లు

గౌరికి నొప్పులు మొదలయ్యాయి. మొగుడు అసిరినాయుడు పరుగున ఆటో తీశాడు. చట్టం ఒప్పుకునేవి ఇప్పుడు మాట్లాడే టైర్లే కాబట్టి, నిన్ననే అవి వేయించాడు.

"కొత్త టైర్లతో నిమ్మకాయలు తొక్కించకుండా పురిటికి తీసుకెళ్తావేటి?" అంటూ అత్త సన్యాసమ్మ చక్రాల కింద కాయలు పెట్టింది. కాయలు చితికాయి. టైర్లు బిగుసుకుపోయాయి.

"తెలియని రసాయనం తగిలింది. తనిఖీ అధికారి వచ్చేదాకా కదలం."

"నిమ్మరసమే తల్లీ!" అని అసిరినాయుడు టైరుకు దండం పెట్టాడు. చక్రం కదల్లేదు.

పక్కింటి ఉల్లిపాయల తోపుడుబండి లాక్కొచ్చాడు. దాని టైర్లు అరిగి నున్నబడ్డాయి, చట్టం వాటిని ఎప్పుడో నిషేధించింది, అయినా తిరుగుతాయి. గౌరిని గోనెల మీద పడుకోబెట్టి తోయబోయాడు.

"ఆగు నాయినా," అంటూ అత్త కొంగుముడి విప్పింది. అందులో ఇంకో నిమ్మకాయ ఉంది.

ఈసారి గౌరి అరిచిన అరుపు నొప్పులది కాదు.