తలుపు పిడికి నీలం అట్ట

నేను పనిచేసే రిటైర్మెంట్ విలేజీలో పెద్దవాళ్లు పొద్దున లేవగానే తలుపు పిడికి నీలం అట్ట తగిలించాలి. అట్ట ఉంటే మనిషి లేచి బాగున్నట్టు లెక్క, ఆ తలుపును మేం తట్టం. పనివాళ్లను తగ్గించాక మేనేజర్ గ్రాంట్ పెట్టిన పద్ధతి అది.

ఇవాళ మేవిస్ మామ్మ తలుపుకి అట్ట ఉంది. పదకొండైనా గుమ్మంలో పేపరు అలాగే పడి ఉంది. తాళం తీసి వెళ్తే, మేవిస్ బాత్రూం నేల మీద ఉంది. తుంటి విరిగింది. రాత్రనగా పడిందట.

అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే గ్రాంట్ మీద విరుచుకుపడ్డాను.

"బౌల్స్ ఆటకి కొత్త గడ్డి పరిపించావు. తలుపు తట్టడానికి ఒక్క మనిషిని పెట్టలేవా? అట్టముక్క ఊగితే మనిషి బతికున్నట్టేనా?"

గ్రాంట్ మేవిస్ వైపు వంగాడు.

"రాత్రి పడితే, పొద్దున అట్ట ఎలా వచ్చిందండీ? ముందే తగిలించమని ఎవరైనా చెప్పారా?"

మేవిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరు చెప్తారు నాయనా? నా బద్ధకం."

మోకాళ్ల నొప్పులతో పొద్దున్నే లేవలేకపోతున్నానని పోయిన వారం ఆమె అంటే, "రాత్రే తగిలించి పడుకో మామ్మా, ఎవడు చూడొచ్చాడు?" అన్నది నేనే.