పిల్లికి చందా

వీధిపిల్లి నడుము విరిగింది. ఎవరో కారుతో గుద్ది వెళ్లిపోయారు. మధ్య వాటాలో ఉండే ఇల్లాలు దాన్ని తువ్వాలులో చుట్టి పశువుల డాక్టరు దగ్గర చేర్పించింది. ఆపరేషన్‌కు పన్నెండు వేలు అవుతుందని ఆయన చెప్పడంతో, ఆదివారం పొద్దున్నే చేతిసంచీతో చందాలకు బయలుదేరింది. "మీరూ రండి" అని భర్తనూ వెంటబెట్టుకుంది.

కింది వాటాలో రిటైరైన మాస్టారు ఐదువందలు ఇచ్చారు. "నోరులేని జీవాన్ని అలా పడేసి పోయాడంటే, వాడూ ఒక మనిషేనా?" అన్నారు.

భర్త తల ఊపాడు.

పై వాటా పెద్దావిడ పర్సు తెచ్చి వంద తీసింది. "వాడి చేతులు పడిపోను!" అంటూ మెటికలు విరిచింది.

"అంతే పిన్నిగారూ, అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు" అన్నాడతను.

సాయంత్రానికి డబ్బు సమకూరింది. ఇంత మంచి మొగుడు దొరకడం ఆమె అదృష్టమని వీధిలో అందరూ అన్నారు.

ఆస్పత్రి ముందు కారు ఆపి అతను నవ్వాడు. "ఈ మాత్రానికి ఇంటింటికీ తిప్పావు. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదా!"

"తెలుసు. శుక్రవారం మీరు దాన్ని గుద్దడం బాల్కనీలోంచి చూశాను. దిగి, చూసి, మళ్లీ కారెక్కారు."

అతను ఇంజన్ ఆపేశాడు. "మరి అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే అబద్ధమాడేవారు. అందుకే తిప్పాను. ఒక్క గుమ్మం దగ్గరైనా నోరు విప్పుతారేమోనని ఎదురుచూశాను."

సంచీ తీసుకుని ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది.